త్యాగమా, పలాయనమా? ‘ది గ్లాస్ మెనాజరీ’ నాటకంలో గృహధర్మం

స్మృతి అనే శబ్దం రెండర్థాలలో ప్రసిద్ధం. అనుభూతమైన విషయం మనస్సులో మళ్ళీ మెదలడం ఒక స్మృతి. మనువు, యాజ్ఞవల్క్యుడు మొదలైన మహర్షులు గృహస్థునకు విధినిషేధాలను స్మరించి చెప్పిన ధర్మశాస్త్రం మరొక స్మృతి. మొదటిది పిలువకుండానే వస్తుంది. రెండవదానిని అధ్యయనం చేసి ఆచరణలో నిలుపుకోవాలి. రెండవ స్మృతిని విడిచినవానిని మొదటి స్మృతి విడువదు. ఈ సత్యాన్ని వైదికసంప్రదాయానికి బహుదూరంలో పుట్టిన ఒక అమెరికా నాటకకర్త రంగస్థలంపై నిరూపించినాడు. అతడు టెన్నెసీ విలియమ్స్. ఆ నాటకం ‘ది గ్లాస్ మెనాజరీ’, అనగా గాజుబొమ్మల జంతుశాల. దానిని అతడు స్మృతినాటకమనే పేర్కొన్నాడు.

ఈ నాటకం 1944 డిసెంబరు 26వ తేదీన షికాగో నగరంలో మొదటిసారి ప్రదర్శితమై, 1945 మార్చి 31వ తేదీన న్యూయార్క్ చేరింది. కథ జరిగే ఇల్లు మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ పట్టణంలో ఉన్నది. కాని ఆ గృహిణి అమాండా వింగ్‌ఫీల్డ్ మనస్సు మాత్రం తాను పెరిగిన మిస్సిసిపీ ప్రాంతాన్ని విడిచి రాలేదు. అది అమెరికా దక్షిణదేశం. పత్తితోటలు, విశాలమైన భవనాలు, సేవకులు, అతిథిమర్యాదలు అక్కడి భూస్వాముల జీవనం. ఆ వైభవం నల్లజాతి బానిసల శ్రమమీద నిలిచినది. 1865లో అంతర్యుద్ధం ముగిసి దాస్యం రద్దయింది. భవనాల పునాదులు కదిలినవి గాని, ఆ భవనాలలో స్త్రీ ఎట్లుండవలెను, పురుషుడు ఎట్లుండవలెను అనే కట్టుబాటు తరతరాలు మిగిలిపోయింది. ఆధారం పోయిన తరువాత మిగిలిన ఆచారమే ఆ ప్రాంతపు నాటకాలకు ఇతివృత్తమయినది.

ఒకే ద్వారం ఉన్న ఇల్లు

ఆ ఇంట్లో ఉన్నవారు ముగ్గురు. తల్లి అమాండా, కుమార్తె లారా, కుమారుడు టామ్. నాల్గవవాడు గోడమీది ఛాయాచిత్రం. అతడు టెలిఫోన్ సంస్థలో పనిచేసిన గృహయజమాని; భార్యాబిడ్డలను విడిచి వెళ్ళి దాదాపు పదహారేళ్ళు. మెక్సికో తీరం నుంచి రెండే మాటలతో ఒక కార్డు పంపినాడు. తరువాత సమాచారం లేదు. రంగస్థలం మీద చిత్రరూపంలో చిరునవ్వుతో అతడు నాటకమంతటా ఉంటాడు. కర్తవ్యాన్ని వదిలినవాడు నవ్వుతూ ఉండగా, వదలలేనివారు ఆ చిత్రం కింద కలహిస్తూ ఉంటారు.

టామ్ పాదరక్షల గిడ్డంగిలో నెలకు 65 డాలర్ల జీతానికి పనిచేస్తాడు. అతనికి కవిత్వంపై ఆసక్తి, దూరదేశాలపై తృష్ణ. లారా అతని అక్క. ఆమె కాలిలో కొంత లోపమున్నది. అంతకంటె గాఢమైన బిడియమున్నది. టైపు నేర్చుకొమ్మని తల్లి 50 డాలర్లు కట్టి పాఠశాలకు పంపితే, తొలి పరీక్షలోనే భయంతో అస్వస్థురాలై మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ బడివేళకు బయలుదేరి, చలికాలంలో ఉద్యానవనాలలోను జంతుప్రదర్శనశాలలోను తిరిగి, వేళకు ఇంటికి చేరేది. ఆమెకు తోడు చిన్నచిన్న గాజు జంతువులు మాత్రమే.

నాటకకర్త చేసిన ఒక గృహనిర్మాణ కల్పన ప్రత్యేకంగా గమనింపదగినది. ఆ ఇంటికి రాకపోకలు అగ్నిప్రమాద సమయంలో తప్పించుకొనడానికి వేసిన ఇనుపమెట్ల మీదుగానే జరుగుతవి. గృహస్థాశ్రమానికి సింహద్వారమే తప్పించుకొనే ద్వారమయింది. తండ్రి ఆ మెట్లు దిగి వెళ్ళినాడు. వివాహార్హుడని పిలిచిన అతిథి అవే మెట్లు దిగి వెళ్ళినాడు. చివరకు కుమారుడూ వెళ్ళినాడు. ఒకనాడు తల్లి వెన్న తెమ్మని పంపితే లారా కూడా ఆ మెట్లమీద కాలు మోపింది, జారి పడింది. పురుషులకు నిష్క్రమణమార్గమైనది స్త్రీకి జారుమెట్టు. ఒక సమాజంలోని స్త్రీపురుష ధర్మాల తారతమ్యాన్ని ఇంతకంటె సంక్షిప్తంగా చెప్పడం కష్టం.

రక్షణ అనే ఋణం

స్త్రీని బాల్యంలో తండ్రి, యౌవనంలో భర్త, వార్ధక్యంలో పుత్రుడు రక్షింపవలెనని మనువు చెప్పినాడు. ఈ వచనం ఎంత ప్రసిద్ధమో అంత వివాదాస్పదం. స్త్రీకి స్వాతంత్ర్యం లేదనే చివరి పాదాన్ని పట్టుకొని కొందరు శాస్త్రాన్ని నిందిస్తారు. మరికొందరు అదే పాదాన్ని పట్టుకొని ఇంటి స్త్రీలను శాసిస్తారు. ఇరువురూ క్రియాపదాన్ని వదలివేస్తున్నారు. ఆ శ్లోకంలో క్రియ రక్షణ. దానికి కర్తలు ముగ్గురు పురుషులు. కర్తమీద పడిన క్రియ అతనికి విధి అవుతుంది. అనగా ఆ ముగ్గురూ ఋణగ్రస్తులు.

ఆ ముగ్గురు ఋణగ్రస్తులూ ఒకరి తరువాత ఒకరు లేకుండా పోతే ఏమవుతుంది? శ్లోకాన్ని వల్లించేవారు సామాన్యంగా ఈ ప్రశ్న వేయరు. విలియమ్స్ నాటకం ఈ ప్రశ్నతోనే ప్రారంభమవుతుంది. అమాండాకు పుట్టినింటి ఆశ్రయం గతించిన కథ. భర్త ఛాయాచిత్రం. పుత్రుడు ద్వారం వైపు చూస్తున్నాడు. లారాకు తండ్రి లేడు, భర్త రాడు, సోదరుడు నిలువడు. రక్షింపబడడానికి మాత్రమే శిక్షణ పొందిన స్త్రీకి రక్షకుడు లేనప్పుడు మిగిలేది ఏమి?

అమాండా నేర్చిన విద్య అదే. ఒక ఆదివారం మధ్యాహ్నం తన ఇంటికి పదిహేడుగురు వివాహాభిలాషులు వచ్చిన కథను ఆమె పలుమార్లు చెబుతుంది. వచ్చినవారితో సంభాషించడం, అలంకరించుకొనడం, ఆతిథ్యం ఇవ్వడం, వారిలో ఒకరిని వరించడం: ఇంతవరకే ఆమెకు విద్య. వరించినవాడు వెళ్ళిపోయిన తరువాత ఏమి చేయవలెనో ఆ విద్యలో లేదు. అయినప్పటికీ ఆమె కుప్పకూలలేదు. టెలిఫోన్ ద్వారా పత్రికలకు చందాదారులను కూర్చుతూ, తిరస్కారాలను భరిస్తూ సంసారం ఈడ్చింది. ఆమె వాచాలత్వాన్ని, అతిశయోక్తులను చూసి నవ్వే ప్రేక్షకుడు ఈ శ్రమను కూడా చూడవలెను. ఆమె దోషం ప్రేమలేకపోవడం కాదు. తనను కాపాడలేకపోయిన విద్యనే కుమార్తెకు కూడా ఉపదేశించడం ఆమె దోషం.

పెళ్ళికాని స్త్రీ బంధువుల ఇళ్ళలో ఒక మూల పడి, వారి దయాభిక్షతో బ్రతుకవలసిన దుఃస్థితిని అమాండా తన ప్రాంతంలో చూసింది. ఆ భయమే ఆమెను తొందరపెడుతున్నది. ఈ భయానికి ధర్మశాస్త్రం ఏమి సమాధానం చెప్పిందో పరిశీలించడం ఉచితం. గుణహీనునికి ఇవ్వడం కంటె కన్య మరణపర్యంతం పుట్టినింటనే ఉండవచ్చునని మనువే అనుమతించినాడు. అవివాహితలైన సోదరీమణులకు సోదరులు తమ భాగాల నుంచి చతుర్థాంశం ఇవ్వవలెనని మనుయాజ్ఞవల్క్యులు ఇరువురూ విధించినారు. కౌటిల్యుడు ఇంకా స్పష్టంగా, శక్తి ఉండి కూడా సంతానాన్ని, భార్యను, తల్లిదండ్రులను, కన్యలు లేదా విధవలైన సోదరీమణులను పోషింపనివానికి 12 పణాల దండన చెప్పినాడు. స్త్రీలలో బ్రహ్మవాదినులని, సద్యోవధువులని రెండు వర్గాలను పేర్కొన్న హారీతుడు మొదటివారికి వేదాధ్యయనం చెప్పినాడు. వివాహమొక్కటే గతి అనే భావన శాస్త్రంలోని సర్వస్వం కాదని దీనివలన తెలుస్తున్నది.

అయితే గ్రంథంలో వచనం ఉండటం వేరు, గృహంలో ఆచరణ ఉండటం వేరు. చతుర్థాంశాన్ని చదివిన పండితుల ఇళ్ళలోనే ఎందరు సోదరీమణులకు అది అందినది? శాస్త్రాన్ని గౌరవించేవారు ఈ ప్రశ్నకు మౌనం వహింపరాదు.

భాగం లేనిచోట

ఈ విషయంలో అదే దక్షిణదేశపు మరొక ప్రసిద్ధనాటకం తోడ్పడుతుంది. లిలియన్ హెల్‌మన్ రచించిన ‘ది లిటిల్ ఫాక్సెస్’ 1939లో ప్రదర్శితమైనది. కథాకాలం 1900, స్థలం అలబామాలోని ఒక చిన్న ఊరు. రెజీనా తండ్రి తన ధనమంతా ఇద్దరు కుమారులకే ఇచ్చినాడు. కుమార్తెకు భర్త ఉన్నాడు, చాలునన్నది భావం. తత్ఫలితంగా ఆమె కోరికలన్నీ భర్త ధనం మీద ఆధారపడినవి. వ్యాధిగ్రస్తుడైన భర్త ఆమె కోరిన పెట్టుబడికి సమ్మతింపలేదు. హృద్రోగం ముదిరి, మేడమీది మందుసీసా తెమ్మని అతడు ప్రార్థించినప్పుడు ఆమె కూర్చున్న ఆసనం నుంచి లేవలేదు. రెజీనా చేసినది ఘోరమైన అధర్మం. దానికి క్షమ లేదు. కాని ఆ అధర్మబీజం తండ్రి చేసిన విభాగంలోనే ఉన్నది. న్యాయమైన భాగం పొందని చేయి అన్యాయమైన మార్గాన్ని వెదుకుతుంది.

తెలుగునేలపై హిందూ కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానమైన హక్కు ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణచట్టంతో లభించింది. దేశమంతటికీ 2005లో విస్తరించింది. స్మృతికారులు చతుర్థాంశమన్నచోట శాసనకర్తలు సమాంశమన్నారు. నాలుగవవంతును కూడా ఇవ్వని సోదరులే ఈ చట్టాన్ని అనివార్యం చేసినారని చెప్పడం అసత్యం కాదు.

విలియమ్స్ 1947లో ప్రదర్శింపజేసిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’లోని బ్లాంచ్ దశ మరొక విధం. చెల్లెలు స్టెల్లా ఇల్లు విడిచి వెళ్ళింది. బ్లాంచ్ పూర్వీకుల గృహంలోనే నిలిచి, ఒకరి తరువాత ఒకరుగా మరణిస్తున్న పెద్దలకు శుశ్రూష చేసి, అంత్యక్రియల వ్యయం భరించి, ఉన్నదంతా పోగొట్టుకొన్నది. పుత్రుడు చేయదగిన కర్మభారమంతా ఆమె మోసింది. చివరికి ఆస్తి ఏమయిందని చెల్లెలి భర్త ఆమెనే నిలదీసినాడు. అబద్ధాలు, మద్యం, మతిభ్రమణం ఆమె పతనంలో భాగాలే. అయినా నిలిచి సేవచేసినవారిని లెక్క అడగడం, వెళ్ళిపోయినవారిని అడగకపోవడం లోకంలో సర్వత్ర కనిపిస్తున్న రీతి.

నిష్క్రమణకు మూడు నియమాలు

టామ్ దోషి అని తీర్పు చెప్పి ముగించడం సులభం. కాని అది ధర్మవిచారం కాదు. అతనిలోని తృష్ణ నిజమైనది. గిడ్డంగిలో జీవితమంతా గడపడం అతని స్వభావానికి విరుద్ధం. పాదరక్షల పెట్టె మూతమీద కవిత వ్రాసినందుకు ఉద్యోగమే పోయింది. స్వభావానికి తగిన స్వధర్మం శ్రేయస్కరమని గీతాచార్యుడు బోధించినాడు. ఇల్లు విడవడమే పాపమైతే సన్న్యాసాశ్రమానికే స్థానముండదు. కనుక ప్రశ్న వెళ్ళవచ్చునా అన్నది కాదు, ఎట్లు వెళ్ళవలెను అన్నది.

ఆర్షవాఙ్మయంలో ఇల్లు విడిచిన మహనీయులిద్దరిని స్మరిస్తే నియమాలు బోధపడతవి. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు గృహస్థాశ్రమం విడిచే ముందు మైత్రేయిని పిలిచి, ఆమెకు, కాత్యాయనికి మధ్య ధనవిభాగం చేయదలచినానని చెప్పినాడు. ధనంతో అమృతత్వం లభిస్తుందా అని మైత్రేయి ప్రశ్నించింది. అక్కడ బ్రహ్మవిద్య ప్రారంభమయింది. సర్వోత్కృష్టమైన ఆ ఆత్మోపదేశం ఆస్తిపంపకమనే లౌకిక కర్తవ్యం నుంచి పుట్టిందని మరువరాదు. భార్యల జీవనవ్యవస్థను గూర్చి ఆలోచించకుండా ఆ బ్రహ్మనిష్ఠుడు అడుగు బయట పెట్టలేదు.

శంకరవిజయ గాథలలో కాలడి బాలుడు తల్లి ఆర్యాంబ అనుమతి లేకుండా సన్న్యసింపలేదు. నదిలో మొసలి పట్టినప్పుడు గాని ఆమె నోట అనుజ్ఞ రాలేదు. అంత్యకాలంలో తప్పక వస్తానని మాట ఇచ్చి వెళ్ళినాడు. యతికి కర్మాధికారం లేదని బంధువులు నిరాకరించినా, వచ్చి స్వహస్తాలతో తల్లికి దహనసంస్కారం చేసినాడు. సర్వకర్మలనూ త్యజించినవాడు ఆ ఒక్క మాటను త్యజింపలేదు.

అనుజ్ఞ, వ్యవస్థ, పునరాగమనం: ఈ మూడింటితో కూడినది త్యాగం. మూడూ లోపించినది పలాయనం. భార్యాపుత్రులకు జీవనం ఏర్పరచకుండా సన్న్యసించినవానిని దండింపవలెనని కౌటిల్యుడు శాసించినది ఈ భేదాన్ని ఎరిగియే. మూడు ఋణాలు తీర్చకుండా మోక్షాన్ని కోరినవాడు అధోగతి పొందుతాడని మనువు హెచ్చరించినది కూడ ఇందుకే.

ఆశ్చర్యమేమనగా, అమాండా కుమారునకు అనుజ్ఞ ఇచ్చింది. అతడు నావికుల బృందంలో చేరదలచినాడని ఆమెకు తెలుసు. లారాకు ఒక ఆధారం చూపు, నీ స్థానంలో ఒకరిని నిలుపు, ఆపై నీ ఇష్టం వచ్చినచోటికి వెళ్ళు అన్నది ఆమె మాటలలోని సారం. కఠినంగా కనిపించినా ఇది ధర్మబద్ధమైన షరతు. టామ్ మిత్రుడైన జిమ్‌ను భోజనానికి పిలిచినాడు. జిమ్ సౌమ్యుడు, లారాతో ఆదరంగా మాట్లాడినాడు, ఆమెలో క్షణకాలం ధైర్యం నింపినాడు. కాని అతనికి వేరొకరితో వివాహం నిశ్చయమైనదని తరువాత తెలిసింది. ఆ సంగతి టామ్ ముందుగా విచారింపలేదు. అంతకుముందే మరొక కార్యం చేసినాడు: ఇంటి విద్యుత్తు బిల్లుకై ఉంచిన డబ్బును నావికసంఘంలో చేరడానికి కట్టివేసినాడు. అతిథి ఉన్న రాత్రి, భోజనం ముగిసిన వేళ, ఇల్లు చీకటి అయింది. తన మార్గానికి వెలుగు కొనుక్కొనడానికి ఇంటి దీపాన్ని వెచ్చించినాడు.

శేషించిన ఋణం

నాటకకర్త జీవితాన్ని తెలిసికొన్నవారికి ఈ చీకటి ఇంకా గాఢమవుతుంది. విలియమ్స్ అసలు పేరు థామస్. టామ్ అన్నది దాని హ్రస్వరూపమే. అతని తండ్రి పాదరక్షల సంస్థలో ఉద్యోగి. అతడూ కొంతకాలం అక్కడ పనిచేసినాడు. మాతామహుడు చర్చిలో అర్చకవృత్తిలో ఉన్నవాడు. అక్క పేరు రోజ్. ఆమె మానసికవ్యాధికి గురికాగా 1943లో మెదడుకు శస్త్రచికిత్స చేయించినారు. ఆమె మళ్ళీ స్వతంత్రంగా జీవింపలేకపోయింది. అప్పుడు తమ్ముడు ఇంట లేడు. మరుసటి ఏడాదే నాటకం రంగస్థలమెక్కింది.

తరువాత అతడు ఈ నాటకపు ఆదాయంలో సగం తల్లికి వ్రాసి ఇచ్చినాడు. అక్క పోషణభారాన్ని వహించినాడు. 1983లో మరణించినప్పుడు వీలునామాలో కూడా ఆమె సంరక్షణకు ఏర్పాటు చేసినాడు; ఆమె 1996 వరకు జీవించింది. అనుజ్ఞ అడుగలేదు, సమయానికి రాలేదు, కాని వ్యవస్థ చేసినాడు. నాటకంలోని టామ్ చేయలేనిదానిని నాటకకర్త కొంత చేసినాడు. ఆలస్యంగా తీర్చినా ఋణం ఋణమే, తీర్చడం ధర్మమే. తీరని శేషం మాత్రం వాఙ్మయమయింది.

ఉద్యోగార్థం, విద్యార్థం దూరదేశాలకు వెళ్ళిన కుమారులున్న ఇళ్ళు నేడు ఆంధ్ర తెలంగాణలలో అసంఖ్యాకం. అమెరికా వారికి నాటకదృశ్యం కాదు, నివాసస్థానం. తల్లిదండ్రుల మందులు, వైద్యుల దర్శనం, రాత్రివేళ నిద్రలేకపోవడం చాలాచోట్ల దగ్గరలో ఉన్న కుమార్తె చేతిమీదుగానే జరుగుతున్నవి. ఆబ్దికానికి దర్భ ధరించేది కుమారుడు. ఆ పూటవరకు భారం ధరించినది ఆమె. వెళ్ళినవారంతా టామ్‌లు కారు. అడిగి వెళ్ళి, ఏర్పాటు చేసి, పిలిచినప్పుడు వచ్చేవారు ఎందరో ఉన్నారు. అయితే ఇంట నిలిచిన సోదరిని ఆస్తి లెక్కలు అడిగే ముందు, ఆమె మోసిన భారాన్ని లెక్కించిన సోదరులు ఎందరు?

రక్షణకు పరమావధి కూడా ఇక్కడనే నిర్ణయింపవలెను. లారాకు భర్తను తెచ్చి ఇవ్వడమే రక్షణ అని తల్లి భావించింది, తమ్ముడూ భావించినాడు. ఆ బిడియం వెనుక ఆమెకు ఏది ఇష్టమో, ఏ విద్య ఆమె చేతికి నిలుస్తుందో ఎవరూ ఓపికగా అడుగలేదు. రక్షకుడు శాశ్వతుడు కాడు. తండ్రి, భర్త, పుత్రుడు అందరూ కాలవశులు. కనుక రక్షింపబడినవారు తన కాలిమీద తాను నిలిచేటట్లు చేయడమే రక్షకుని ఋణవిముక్తి. కుమార్తెకు కూడా జారిపడకుండా దిగి, కోరినప్పుడు ఎక్కి రాగల ద్వారం ఒకటి నిర్మింపవలెను.

విద్యుత్తు ఆగిన ఆ రాత్రి వెలిగించిన కొవ్వొత్తుల స్తంభం, పూర్వం ఒక చర్చి వేదికమీద ఉండి, పిడుగుపాటుకు కొంత కరిగి వంగినది. దాని వెలుగులోనే లారా జీవితంలోని ఒకే ఒక సంతోషక్షణం గడిచింది. నాటకాంతంలో, సంవత్సరాల తరువాత, ఏ నగరానికి వెళ్ళినా అక్క రూపం తనను విడువడం లేదని టామ్ ఒప్పుకొంటాడు. ఆ కొవ్వొత్తులను ఆర్పివేయమని స్మృతిలో ఉన్న ఆమెను వేడుకొంటాడు. ఆమె ఊది ఆర్పుతుంది.

తెలుగు ఇళ్ళలో పెద్దలు దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. నోటితో ఊదనివ్వరు. ఒకరు వెలిగించిన దీపాన్ని మరొకరు చమురు పోసి నిలుపవలెనే గాని, తన నిద్రకై ఆర్పమని ఇంకొకరిని అడుగరాదన్నది ఆ మర్యాదలోని అంతరార్థం. వెళ్ళేవాడు చమురు పోసి వెళ్ళవలెను. అప్పుడు అతడు ఎంతదూరం పోయినా ఆ వెలుగు అతనిని వెంటాడదు, దారి చూపుతుంది.

స్వస్తి.